మావోడు కాడు

ఆ ఏడాది ఆకు రాలే కాలం తొందరగా వచ్చింది. తమిళుల తైపూసం పండగ నాటికే మలయా దేశంలో బటాంగ్ బెర్జుంటై ఊరి చుట్టుపక్కల రబ్బరు తోటలన్నీ మోడువారిపోయాయి. చెట్ల కింద ఎర్రటి ఎండుటాకులు దట్టంగా పరుచుకుని, అడుగు వేస్తే చాలు అప్పడాలు విరిగినట్టు చప్పుడు చేసేవి.

కూర్మమ్మకి ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమె ఆ తోటలోనే, కూలీలు ఉండే లయంలోనే పుట్టింది. అక్కడే పెరిగింది, అక్కడే దాసు చేత తాళి కట్టించుకుంది, పాపాయిని కన్నది. ఆకు రాలిందంటే చెట్టు పాలివ్వదు, కూలి సగమవుతుంది, కొత్త చిగురు వచ్చేదాకా నోరు కట్టుకోవాలి. అది ఎప్పుడూ ఉన్న బాధే. కానీ అడవిలో తుపాకులు మోగడం మొదలయ్యాక ఆకు రాలడమంటే మరో భయం వచ్చి చేరింది. మోడు చెట్ల మధ్య మనిషి ఎంత దూరం నుంచైనా కనిపిస్తాడు. అడవిలో దాక్కుని దొరల సర్కారుతో పోరాడే కమ్యూనిస్టులకీ కనిపిస్తాడు, వాళ్ళని వేటాడే సైన్యానికీ కనిపిస్తాడు.

లయం చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఒకటే గేటు. తెల్లవారి పనికి పోయేటప్పుడు ఆడవాళ్ళని ఆడవాళ్ళు, మగవాళ్ళని మగవాళ్ళు తడిమి చూస్తారు. బయటికి పిడికెడు బియ్యం, ఉప్పు, మాత్ర, గుడ్డ ముక్క, ఏదీ తీసుకుపోకూడదు. తీసుకుపోతే అడవిలోవాళ్ళకి అందిస్తున్నారని అర్థం. ఆకలేసినా అంతే, మధ్యాహ్నం ఇంటికి వచ్చేదాకా ఖాళీ కడుపుతో రబ్బరు పాల కోసం చెట్లు గీయాలి.

ఆ గేటు దగ్గరే కూర్మమ్మ అతన్ని మొదట చూసింది.

కొత్తగా వచ్చిన సైనికులందరూ ఎండకి కమిలి ఎర్రగా ఉడికిన రొయ్యల్లా ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు మాత్రం చామనచాయగా ఉన్నాడు. ఒత్తైన నల్లజుట్టు, కలిసిపోయిన కనుబొమలు, కొంచెం వెడల్పు ముక్కు. మీసం సరిగ్గా రాని వయసు. చేతిలో తుపాకీ, నెత్తిన ఆకుపచ్చ టోపీ, అన్నీ దొరల పటాలానివే. వెనకనుంచి ఇంకో సైనికుడు అతన్ని "సామీ!" అని కేకేశాడు.

వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూర్మమ్మ నోరు ఊరుకోలేదు.

"ఓలమ్మా! దొరల్లో మనోడొకడున్నాడే!"

అందరూ పకపకా నవ్వారు. అతను చటుక్కున తిరిగి చూశాడు. వాళ్ళు నవ్వినందుకు కోపం వచ్చిందేమో అని కూర్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను దగ్గరికొచ్చి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఒక్కో మాటా ఏరుకుంటూ అన్నాడు.

"అమ్మా. బువ్వ. నీల్లు. రా అయ్యా. ఎల్లిపో."

అంతే. అతని దగ్గరున్న తెలుగంతా అదే. ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది.

*

ఆ ఆదివారం తోట ఆఫీసు కిరాణీ వెంకటరావు అతన్ని వెంటబెట్టుకుని లయంలోకి వచ్చాడు. వెంకటరావు నాన్న కాలం నుంచీ ఆ తోటకి లెక్కలు రాసే కుటుంబం. ఇంగ్లీషు బాగా వచ్చు. తెలుగువాళ్ళ ఇల్లు ఒకటి చూడాలని ఆ కుర్రాడు అడిగితే తీసుకొచ్చానన్నాడు.

"పేరు ఫ్రాంక్ అప్పల్‌సామి. వాళ్ళ నాన్న మన భీమిలి వాడట. ఓడలో బొగ్గు వేసే పని. ఇంగ్లండుకి అవతల కార్డిఫ్ అని రేవుపట్నం, అక్కడ దిగిపోయి ఆ దేశపు పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. మొన్నటి యుద్ధంలో ఓడ మునిగి పోయాడు పాపం."

"ఓరి నాయినా! బీమిలా?" దాసు నులకమంచం మీంచి లేచి చోటిచ్చాడు. "మాదీ ఆ పక్కేనంట బాబూ. నాకేటి తెలుసు, నన్ను సంకనేసుకొని మాయమ్మ ఓడెక్కినాది. ఆ ఓడ కంపు తప్ప ఆ దేశం నాకేటీ గుర్తునేదు." వెంకటరావు అది ఇంగ్లీషులో చెప్తుంటే దాసు మళ్ళీ అందుకున్నాడు. "మీ అయ్యా నానూ ఒక్క రేవులోనే ఎక్కినాం, దిగిన రేవులే యేరు. ఆ మాట సెప్పండి కిరాణీగోరూ."

కుర్రాడు గట్టిగా నవ్వాడు. నవ్వితే అతను మరీ చిన్నవాడిలా కనిపించాడు.

కూర్మమ్మ అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. రేషను బియ్యం, అయినా గిన్నె అడుగు గోకి మరీ పెట్టింది. అతను చెంచా అడగలేదు. వేళ్ళతో కలపబోయి సగం కింద పోసుకున్నాడు. తొమ్మిదేళ్ళ పాపాయి పక్కన చేరి ముద్ద ఎలా చెయ్యాలో చూపించింది.

"మరి మీ ఊర్లో నిన్నేటనీసి పిలుస్తారు?" కూర్మమ్మ అడిగింది.

వెంకటరావు అడిగి, కాసేపు విని, నెమ్మదిగా చెప్పాడు. "వాళ్ళమ్మ వీణ్ణి బండిలో తోసుకుపోతుంటే ఆమె తోడబుట్టినవాళ్ళే రోడ్డుకి ఆ పక్కకి వెళ్ళిపోయేవాళ్ళట. బళ్ళో నల్లోడా అనేవారట. పద్నాలుగేళ్ళప్పుడు దుకాణంలో పనికి పోతే, మంచివాడివే గానీ నీ చేత్తో ఇచ్చిన రొట్టె మా వాళ్ళు కొనరు అన్నారట. మీ దేశానికి పొమ్మని రోజూ ఎవరో ఒకరు అంటారట. వీడికి తెలిసిన దేశం అదొక్కటే."

"మరి పటాలంలోకి ఎలాగ తీసుకున్నారు?"

అది విని కుర్రాడు పళ్ళెంలోకి చూస్తూ ఏదో అన్నాడు.

"ఆ వయసు రాగానే అందర్నీ పిలుస్తారట, తప్పదు. నువ్వు ఈ దేశపోడివి అని వీడికి సర్కారు చెప్పిన మొదటి మాట అదేనట. ఇక్కడికి పంపడానికి."

అప్పుడే కండక్టరు రెంగసామి లయం ముందునుంచి పోతూ ఆగాడు. కూలీల మీద పెత్తనం అతనిదే. అరుగు మీద కూర్చుని చేత్తో తింటున్న సైనికుణ్ణి చూసి, "ఏంటి కూర్మమ్మా, దొరగారికి విందా?" అన్నాడు తమిళంలో.

"దొరేటి, మావోడే!" అంది కూర్మమ్మ గర్వంగా, చేతిలో గరిట ఎత్తి.

రెంగసామి తల ఊపి వెళ్ళిపోయాడు.

*

తరవాతి వారంలోనే అది జరిగింది.

దాసుకి రెండు రోజులుగా మన్యపు జ్వరం. పని మానితే కూలి పోతుందని జ్వరంలోనే వెళ్ళాడు. అతని చెట్లు అడవి అంచున, కూర్మమ్మవి దానికి ఇవతల పల్లంలో. మంచు ఇంకా విడలేదు. ఆమె చెట్టు గీసి కప్పు తగిలిస్తుండగా పైన తుపాకులు పేలాయి. ఒకటి కాదు, వరసగా. చెట్టు మొదట్లో బోర్లా పడుకుంది. ఎండుటాకులు నోట్లోకి పోయాయి. చప్పుడు ఆగగానే లేచి గట్టు ఎక్కి పరుగెత్తింది.

దాసు బతికే ఉన్నాడు. చొక్కా లేదు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చేతులు వెనక్కి విరిచి కడుతున్నారు. పక్కనే బాల్చీ ఒరిగి, పాలన్నీ ఆకుల మీద తెల్లగా పారాయి. పిల్లాడిలాంటి లెఫ్టినెంటు దొర ఒకడు ఎర్రబడ్డ మొహంతో అటూ ఇటూ తిరుగుతూ అరుస్తున్నాడు. సైనికులు రాత్రంతా పొంచి ఉన్నా, అడవిలోంచి వచ్చిన ముగ్గురూ తప్పించుకుని మళ్ళీ అడవిలోకే పోయారు. చేతికి చిక్కినవాడు దాసు ఒక్కడే.

"ఏటైనాది? ఓరయ్యో, ఏటి సేసినావు?"

"నానేటీ సేయనేదే! అడివిలోల్లొచ్చి గుండెలకాడ తుపాకెట్టి సొక్కా యిప్పమన్నారు. ఆసుపత్రోల్లిచ్చిన జొరం మాత్రలు జేబులో ఉన్నాయి. అయ్యట్టుకొని పోయినారు." దాసు దవడ వణుకుతోంది, జ్వరమో భయమో. పొద్దున గేటు దగ్గర జేబు తడిమినవాడి చేతికి ఆ రెండు మాత్రలూ తగల్లేదు. "పాపని సూసుకో."

అతన్ని లాక్కుపోయారు. కూర్మమ్మ వెనకపడితే ఒక సైనికుడు తుపాకీ అడ్డం పెట్టాడు. ఆ వెనక అప్పల్‌సామి నిలబడి ఉన్నాడు. ఒంటినిండా బురద, ఆకులు. అడవి అంచున అందరికన్నా ముందు పొంచి పడుకున్నది అతనే అని బట్టలే చెబుతున్నాయి. అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

*

"మందూ గుడ్డా శత్రువుకి అందించాడని రాశారు," అన్నాడు వెంకటరావు. ఆఫీసు వెనక మెట్ల మీద నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "కోర్టు, వకీలు ఏమీ ఉండవు. ముందు క్యాంపులో పెడతారు. తరవాత ఓడెక్కిస్తారు."

"ఓడా? యే ఊరికి?"

"ఇండియాకి. దాసు ఇక్కడ పుట్టలేదు కదా కూర్మమ్మా. ఇక్కడివాడు కాని మనిషి మీద అనుమానం వస్తే తిప్పి పంపేస్తున్నారు."

"సంకలో బిడ్డగా వచ్చినాడు బాబూ! యీ తోటలో ఆడు గీయని సెట్టేదో సెప్పండి. ఆ దేశంలో ఆడికెవులున్నారు?"

వెంకటరావు తల దించుకున్నాడు. "మెర్డెకా, అదే ఈ దేశానికి స్వతంత్రం, వస్తుందంటున్నారు. వస్తే ఎవరు ఇక్కడివాళ్ళో, ఎవరు కాదో అప్పుడు తేలుస్తారట. అది ఎప్పుడో, ఏమో. దీన్ని ఆపాలంటే ఇప్పుడే ఆపాలి. తుపాకీ పెట్టి లాక్కున్నారని ఎవరో ఒకరు చెప్పాలి. నీ మాట చెల్లదు, పెళ్ళానివి."

తోటని నడిపే పెద్దదొర బంగళాకి పోతే ఆయన వరండాలోంచే చెయ్యూపాడు. కూలి పెంచమని సమ్మె చేసినప్పుడు దాసు ముందు వరసలో నిలబడ్డ సంగతి ఆయన మరిచిపోలేదు. పటాలం పని పటాలానిది, నాకు సంబంధం లేదన్నాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర కూర్మమ్మ వరస తప్పి అప్పల్‌సామి ఎదుటికి పోయి నిలబడింది. మాటలు అతనికి అందవని తెలుసు. వేలితో తన రెండు కళ్ళు చూపించింది. గుండె మీద తుపాకీ పెట్టినట్టు చెయ్యి పెట్టుకుంది. చొక్కా విప్పి ఇచ్చినట్టు చేసింది. మళ్ళీ అతని కళ్ళకేసి వేలు చూపించింది.

"సూసినావా? నువ్వు సూసినావా బాబూ?"

అతను తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. తరవాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల కిందికి, పైకి ఊపాడు.

కూర్మమ్మ ఆ గేటు దగ్గరే, అందరి ఎదుటా, అతనికి రెండు చేతులెత్తి దండం పెట్టింది. అతను గాబరాగా ఆమె చేతులు పట్టుకుని దించేశాడు.

*

అతను చెప్పాడు. చెప్పబట్టే రెండురోజుల్లో లెఫ్టినెంటు తోట ఆఫీసుకి వచ్చి కూర్చున్నాడు. పక్కన పెద్దదొర. రెంగసామి గుమ్మం దగ్గర. దాసు పెళ్ళాన్ని కూడా అడగాల్సినవి ఉన్నాయని కూర్మమ్మని పిలిచారు. ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పడానికి వెంకటరావు.

అప్పల్‌సామి కాళ్ళు దగ్గర పెట్టి, ఎదురుగోడకేసి చూస్తూ చెప్పాడు. కూర్మమ్మకి అతని గొంతు మాత్రమే అర్థమైంది. తొణకకుండా ఉంది. వెంకటరావు ఆమె చెవిలో చెబుతున్నాడు. "తనే అందరికన్నా దగ్గరగా ఉన్నానంటున్నాడు. ఒకడు దాసు గుండెకి పిస్తోలు పెట్టాడని, ఇంకొకడు చెంప మీద కొట్టాడని, చూశానని చెబుతున్నాడు."

కూర్మమ్మ ఊపిరి పీల్చుకుంది. 

లెఫ్టినెంటు రాసుకుంటున్నాడు. అప్పుడు పెద్దదొర కుర్చీ వెనక్కి వాల్చి, పైపు చేతిలోకి తీసుకుని తేలిగ్గా ఏదో అన్నాడు. రెంగసామి వైపు చూశాడు. రెంగసామి తల ఊపాడు. లెఫ్టినెంటు చేతిలో కలం ఆగిపోయింది.

"ఏటి? ఏటంటన్నారు?"

"ఆదివారం మీ ఇంట్లో తిన్నాడట కదా అని..." అన్నాడు వెంకటరావు. "నువ్వు మావోడే అన్నావట. రెంగసామి చెప్పాడు."

లెఫ్టినెంటు కుర్రాణ్ణి ఏదో అడిగాడు. కోపం లేదు. జబ్బుమనిషితో మాట్లాడినట్టు మెత్తగా ఉంది ఆ గొంతు. వెంకటరావు చెబుతూ పోయాడు. "మీ నాన్నది ఏ ఊరు అని అడుగుతున్నాడు. భీమిలి అన్నాడు. వీళ్ళ ఊరికి దగ్గరేనా అంటున్నాడు. తెలీదు, నేనెప్పుడూ చూడలేదంటున్నాడు. నిన్ను ఎవరూ తప్పు పట్టడం లేదు, నీ జనం మీద నీకు జాలి ఉండటం సహజమే అంటున్నాడు ఆ దొర. నా జనం కార్డిఫ్‌లో ఉన్నారండీ అంటున్నాడు వీడు."

"దానికా దొరేటన్నాడు?"

"అవును, అవును అన్నాడు. అంతే."

లెఫ్టినెంటు కలానికి మూత పెట్టాడు.

ఆ మూత బిగించిన చప్పుడుకి కూర్మమ్మకి అంతా అర్థమైంది. కుర్రాడి మాట తేలిపోయింది. తేల్చింది తన ఎండుచేపల పులుసు. గరిట ఎత్తి గర్వంగా అన్న తన మాట. వీడు తెల్లోడైతే నిజం చెప్పినట్టు, తమవాడైతే అబద్ధం చెప్పినట్టు. అయితే వీణ్ణి తెల్లోణ్ణి చెయ్యాలి. ఇప్పుడే, ఈ గదిలోనే చెయ్యాలి.

ఆమె లేచి బల్ల ముందుకి పోయింది.

"మావోడు కాడు!" అని అరిచింది. "దొరా, యీడు మావోడు కాడు! యీడికీ మాకూ ఏటీ నేదు. తుపాకీ ఉన్నోడు గుమ్మంలో కూకుంటే పెట్టకుండా ఎలాగుంటాం? బయపడి పెట్టినాను. యీడి మొకం సూడండి, మా జాతి మొకమేనా యిది?" లెఫ్టినెంటు కనుబొమలు ముడిపడ్డాయి. చాలలేదేమో అనిపించింది ఆమెకి. ఇంకా దూరంగా నెట్టాలి, ఇంకా. "యీడి అయ్య ఎవులో యీడికే తెల్దు! ఎవులకి పుట్టినాడో! మావోడని సెప్పుకొంటే మాకే సిగ్గు! ఎల్లిపో! మా లయంలోకి రాకు, ఎల్లిపో!"

ఆఖరి మాట నోట్లోంచి వచ్చాక ఆమె అతనికేసి చూసింది.

అతను ఇంకా ఎదురుగోడకేసే చూస్తున్నాడు. కాళ్ళు దగ్గరగానే ఉన్నాయి. చెవులు మాత్రం కందిపోయాయి. అయ్య అన్న మాట అతనికి తెలుసు. ఎల్లిపో అన్న మాట తెలుసు. చిన్నప్పటి నుంచీ ఇంకో భాషలో వింటున్నదే కదా, మిగతాది గొంతే చెప్పేసింది.

"సెప్పండి కిరాణీగోరూ! దొరకి సెప్పండి!"

వెంకటరావు నుదురు తుడుచుకున్నాడు. ఆమె అన్నదంతా చెప్పలేదు. రెండే ముక్కలు చెప్పాడు. పెద్దదొర నవ్వాడు. లెఫ్టినెంటు నవ్వలేదు, కాగితాలు సర్దుకుని, ఆమెని కూర్చోమని చేత్తో మర్యాదగా సైగ చేశాడు.

*

కౌలాలంపూర్ దాకా బస్సులో పోయి, క్యాంపు కంచె బయట పడిగాపులు పడితే దాసుని చూడనిచ్చారు. చిక్కి సగమయ్యాడు. అయినా ఆమెని నవ్వించబోయాడు.

"పెద్దోల్లు ముగ్గురు కూకొని అడిగినారే. నీ ఊరేదంటే మన తోట పేరు సెప్పినాను. అది కాదు, నీ సొంతూరేదీ అన్నారు. మల్లీ తోట పేరే సెప్పినాను. వాల్లు నవ్వినారు, నానూ నవ్వినాను."

"ఆ కుర్రోడి మాట అడిగినారా?"

"ఏ కుర్రోడు?"

అప్పల్‌సామి చెప్పింది ఆ ముగ్గురిదాకా రానేలేదు.

ఆమె తోటకి తిరిగొచ్చేసరికి ఇంకో కబురు సిద్ధంగా ఉంది. ఓడెక్కించేవాడి కుటుంబానికి లయంలో చోటు లేదు. కావాలంటే తల్లీబిడ్డలు కూడా ఆ ఓడలోనే పోవచ్చు. ఇక్కడే పుట్టారు కాబట్టి ఉండిపోయినా ఎవరూ కాదనరు, కానీ ఈ తోటలో కాదు. చుట్టుపక్కల తోటల్లో అడిగింది. దాసు పేరు ఆమెకన్నా ముందే అక్కడికి చేరింది. కంచె ఉన్న ప్రతి గేటులోనూ ఆమెకి ఒకటే జవాబు దొరికింది. సుంగై సుమున్‌లో ఉన్న తమ్ముడు కూడా, రా అక్కా అనలేదు. అతనికీ పిల్లలున్నారు.

చెట్లకి ఎర్రటి లేతచిగురు పడుతున్న రోజుల్లో సైనికులు మారారు. పాత పటాలం లారీలెక్కుతోందని పాపాయి పరుగెత్తుకొచ్చి చెప్పింది. కూర్మమ్మ చేతిలో పని పడేసి గేటుకి పోయింది. వెంకటరావు కోసం చూసింది. ఆ పూట అతను బ్యాంకు పని మీద టౌనుకి పోయాడు.

అప్పల్‌సామి ఆఖరి లారీ వెనక అంచున, కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. అతని ఇటుపక్కా అటుపక్కా మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆమె కంచె తీగలు పట్టుకుంది.

"నాయినా! సామీ! ఆ మాట నానన్నది నిన్ను కాదురా. నువ్వు మావోడివి కాదంటే వాల్లు నీ మాట ఇంటారనీసి అన్నాను. నా మొగుడికోసం అన్నాను. నువ్వు నిజం సెప్పినావు. నా కడుపున పుట్టకపోయినా నువ్వు మావోడివేరా, మావోడివే!"

అతను విన్నాడు. శ్రద్ధగా, కొంచెం ముందుకి వంగి మరీ విన్నాడు. ఆమె పెదాలకేసి చూస్తూ, తనకి తెలిసిన మాట ఒక్కటైనా దొరుకుతుందేమో అని వెతుకుతున్నట్టు విన్నాడు. ఆమె ఏడుస్తోంది, గట్టిగా అరుస్తోంది, ఆ మధ్యాహ్నం ఆఫీసులో అరిచినట్టే. అప్పటి మాటే మళ్ళీ చెవిన పడింది. మావోడు. అతని మొహం మెల్లగా మూసుకుపోయింది.

"సారీ," అన్నాడు. అది ఆమెకీ తెలిసిన ఇంగ్లీషు ముక్కే. "సారీ, అమ్మా."

లారీ కదిలింది. ఆమె కంచె వెంబడి పరుగెత్తింది. చేతులు ఊపింది. అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నట్టు సైగ చేసింది, ఆ ఆదివారం గుర్తొస్తుందేమో అని. అతనికి ఏం అర్థమైందో తెలీదు. మోకాళ్ళ మధ్య తుపాకీ పెట్టుకుని తల దించుకున్నాడు. దుమ్ము లేచి లారీని కప్పేసింది. ఆమె కంచె మూలదాకా పోయి ఆగిపోయింది.

*

పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవులో దాసుని పోలీసు బండిలోంచి నేరుగా ఓడ మెట్ల దగ్గర దింపారు. కూర్మమ్మ మూట నెత్తిన పెట్టుకుని, పాపాయి చెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. బల్ల దగ్గర కూర్చున్న అధికారి తమిళంలో అడిగాడు.

"ఎక్కడ పుట్టావు?"

"యిక్కడే. సెలంగూర్‌లో."

"పాప?"

"యిక్కడే."

అతను తలెత్తి చూశాడు. "అయితే నువ్వు పోనక్కర్లేదమ్మా. తెలుసా?"

"తెలుసు బాబూ."

"మరెందుకు?"

ఆమె మెట్ల వైపు చూసింది. ఆ పైన దాసు, చొక్కా వదులై, కొత్తవాడిలా నిలబడి ఉన్నాడు. వాళ్ళని రావొద్దని కబురు పంపింది అతనే. ఇప్పుడు వాళ్ళు కనిపించగానే మొహాన్ని రెండు చేతులతో కప్పుకున్నది కూడా అతనే.

"ఆడికి అక్కడ ఎవులూ నేరు," అంది కూర్మమ్మ.

అధికారి కాగితం మీద ముద్ర గుద్దాడు. ముందుకి పొమ్మని చెయ్యూపాడు.

ఓడ అడుగున మనుషులు కిక్కిరిసి ఉన్నారు. గాలి కోసం ముగ్గురూ పైకొచ్చి కమ్మీ పట్టుకున్నారు.  దాసు కూర్మమ్మ భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. జ్వరం పూర్తిగా తగ్గలేదు, ఆ వేడి ఆమె చీరలోంచి తెలుస్తోంది. తాళ్ళు విప్పారు. గోదాములు, కొబ్బరిచెట్లు, వాటి వెనక పొగలాగా కనిపించే కొండలు మెల్లగా పక్కకి జరగడం మొదలెట్టాయి.

పాపాయి మడమలెత్తి కమ్మీ మీంచి చూస్తోంది. రేవులో ఎవరో తమిళాయన దానితో అన్నాడట, ఎంత అదృష్టం పాపా, మీ దేశానికి పోతున్నారు అని.

"అమ్మా, మన దేశం ఎంత దూరమే?" అని అడిగింది.

దాసు మొహం తిప్పుకున్నాడు. కూర్మమ్మ బిడ్డ తల తన కడుపుకి ఆనించుకుని, జరిగిపోతున్న ఒడ్డుకేసి చెయ్యి చాపింది.

"సూడమ్మా," అంది. "ఇప్పుడిప్పుడే దూరమవతంది."